లెక్కల ఎం.ఎస్సీ.కి కాగితంలో లేని అర్హత

ఆడపిల్ల లెక్కల్లో ఎం.ఎస్సీ. చేస్తానంటే మన ఇళ్లల్లో మొదట అడిగేది ‘సీటు వస్తుందా?’ అని కాదు, ‘ఎప్పటికి అయిపోతుంది?’ అని. ఆ తర్వాత ‘అంత చదివితే దానికి తగ్గ సంబంధం ఎక్కడ తేవాల?’ అంటారు. చదువుకు ఏమేం కావాలో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ సంగతే ఈసారి మాట్లాడుకుందాం.

నేను చదివింది బి.ఏ. తెలుగు. లెక్కలతో నాకున్న సంబంధం పాల ఖాతా, చీటీ డబ్బుల వరకే. అయినా మా ఆడబిడ్డ కూతురు పోయినేడు ఈ దారిలో పోతానంటే దాంతో పాటు కూర్చుని అన్నీ కనుక్కున్నాను. కనుక్కున్నది నా దగ్గరే ఉంచుకుంటే ఏం లాభం?

కాగితం మీద ఉన్న అర్హతలు ముందు చెప్తాను. డిగ్రీలో గణితం చదివుండాలి. ఇది ఒకప్పుడు సులభం, ఎం.పి.సి. గ్రూపు బి.ఎస్సీ. చేస్తే చాలు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది. కాబట్టి ఎం.ఎస్సీ. ఆలోచన ఉన్న పిల్ల డిగ్రీలో చేరే రోజే గణితాన్ని మేజర్‌గా తీసుకోవడం మేలు. పక్కింటి పిల్ల కంప్యూటర్ మేజర్ తీసుకుందని మనమూ అదే రాయించేసి, మూడేళ్ల తర్వాత ‘లెక్కల ఎం.ఎస్సీ. చేస్తాను’ అంటే చిక్కు.

తర్వాత ప్రవేశ పరీక్ష. ముందు ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానికే ఉండేది. 2021 నుంచి రాష్ట్రానికంతా కలిపి ఏపీ పీజీసెట్ పెట్టారు. దాని ర్యాంకు మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన లాంటి చోట్ల సీట్లు ఇస్తారు. ఆడపిల్లలకు మాత్రమే అయితే తిరుపతిలోనే 1983లో పెట్టిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ అప్లైడ్ మ్యాథమెటిక్స్ శాఖ ఉంది. ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తే ఐఐటీల ‘జామ్’ పరీక్ష. మూడు గంటలు, వంద మార్కులు. తిరుపతి ఐఐటీలో కూడా దాని మీద ఎం.ఎస్సీ. గణితంలో చేరవచ్చు. జామ్‌కు వయసు హద్దు లేదు. ఈ మాట నలభై దాటినవాళ్లు కూడా గుర్తు పెట్టుకోవాలి.

చేరాక రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మామూలుగా 75 శాతం హాజరు అడుగుతారు. రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ, కాంప్లెక్స్ అనాలిసిస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఫంక్షనల్ అనాలిసిస్... పేర్లు వింటే భయమేస్తుంది. కానీ అక్కడ అడిగే పని ఏమిటో మన వాకిట్లోనే చూపిస్తాను.

సందు చుక్క ముగ్గు పెట్టండి. మధ్యలో 7 చుక్కలు, అటూ ఇటూ 6, 5, 4, 3, 2, 1. మొత్తం లెక్కపెడితే 49. అంటే ఏడేళ్లు నలభై తొమ్మిది. 5 చుక్కలతో మొదలుపెడితే 25, తొమ్మిదితో పెడితే 81. ఇంతవరకు లెక్కపెట్టడం. ‘ఎన్ని చుక్కలతో మొదలుపెట్టినా ఇట్లే వస్తుందా? ఎందుకు?’ అని అడిగితే అది వేరే చదువు. జవాబు కావాలంటే ముగ్గును ఏటవాలుగా చూడండి. అదే ముగ్గు, ఏడు వరసలు, వరసకు ఏడు చుక్కలుగా కనిపిస్తుంది! ఇంక లెక్కపెట్టే పని లేదు, ఎన్ని చుక్కలైనా ఇంతే. ఎం.ఎస్సీ.లో రెండేళ్లూ చేసేది ఇలాంటి పనే, ‘వస్తుంది’ దగ్గర ఆగకుండా ‘ఎందుకు వచ్చి తీరాలి’ అని నిరూపించడం.

తెలుగు మీడియం పిల్లలు ‘అంతా ఇంగ్లీషులో ఉంటుంది’ అని వెనక్కి తగ్గుతారు. పాఠాలు, పుస్తకాలు ఇంగ్లీషులోనే, నిజమే. కానీ ఆ చదువులో తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్నే: ప్రతి, ఏదో ఒకటి, అయితే, అప్పుడు. వాటి వరుస తెలియడమే అసలు భాష. ‘ప్రతి బీగానికీ ఒక చెవి ఉంది’ అంటే ఒక అర్థం. ‘ఒకే చెవి ఉంది, అది ప్రతి బీగానికీ పడుతుంది’ అంటే పూర్తిగా వేరే అర్థం. రెండో ఇంట్లో మనం సామాన్లు పెట్టుకుంటామా? ఈ తేడా తెలుగులో తెలిసిన పిల్లకు ఇంగ్లీషులో నేర్పించడానికి ఒక్క సెమిస్టరు చాలు. భాషను సాకుగా చూపి ఆపడం నాకు నచ్చదు.

ఇంక కాగితంలో రాయని అర్హతకు వస్తాను. ఎవరూ పిలవని గంటలు కావాలి.

మిగతా చదువుల్లో కూర తాలింపు వేస్తూ ఒక పేజీ, బట్టలు ఆరేసి వచ్చి ఇంకో పేజీ చదువుకోవచ్చేమో. నా బి.ఏ. చాలావరకు అట్లే గడిచింది. నిరూపణ అట్లా కుదరదు. పది మెట్లు ఒకదాని మీద ఒకటి మనసులో పేర్చుకుని పదకొండో మెట్టు కోసం వెతుకుతున్నప్పుడు ‘పాపా, మామకు కాఫీ ఇచ్చి రా’ అంటే కాఫీకి పట్టేది ఐదు నిమిషాలే, కానీ పది మెట్లూ కూలిపోతాయి. మళ్లీ మొదటి నుంచి పేర్చాలి. ఈ నష్టం ఎవరి కంటికీ కనపడదు. ‘పిల్ల పొద్దస్తమానం పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది, మార్కులు మాత్రం రావు’ అంటారు. అన్నదమ్ముడు చదువుకుంటుంటే తలుపు దగ్గరగా వేస్తాం. ఆడపిల్ల చదువుకుంటుంటే అదే తలుపులోంచి కేకేస్తాం.

సి.ఆర్. రావు గారి పేరు వినే ఉంటారు. ప్రపంచమంతా పేరున్న గణాంక శాస్త్రవేత్త. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితంలో ఎం.ఏ. చేశారు. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడు నూటరెండేళ్ల వయసులో పోయారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టింది వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారు. ఆ సంగతి ఆయనే తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. ఆ తల్లి కొడుక్కి లెక్కలు చెప్పిందని కాదు, ఇంటి సందడి మొదలు కాకముందు కొన్ని గంటలు వేరు చేసి ఇచ్చింది. లెక్కలు రాని అమ్మ కూడా ఇవ్వగలిగింది అదే. ఇప్పుడు దీపం బదులు కరెంటు ఉంది. గంటలే కావాలి.

‘ఇంత చేస్తే ఏమొస్తాదక్కా?’ అని మా వీధిలో ఒకామె నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జూనియర్ లెక్చరర్ కావాలంటే పీజీ కావాలి. పెద్ద తరగతులకు పీజీటీ కావాలంటే పీజీతో పాటు బి.ఇడి. కావాలి. డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే ఎం.ఎస్సీ.లో 55 శాతం (రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50) తెచ్చుకుని నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి. ఇవన్నీ చేసినా ఉద్యోగం చేతిలో పెట్టి పంపరు, నోటిఫికేషన్ల కోసం చూడాల్సిందే. ఇంజనీరింగు చేసినవాళ్లకు మాత్రం ఎవరైనా రాసిచ్చారా? అంగళ్లు కాలేజీ బస్సులు ఉదయం ఎంతమందిని ఎక్కించుకుపోతున్నాయో చూస్తూనే ఉన్నాం. వాళ్లలో లెక్కలంటే ప్రాణమున్న పిల్ల ఒక్కతి ఉన్నా, దాన్ని ఊరి దారి అని అటే తోలడం తప్పని నా అభిప్రాయం.

అందుకే ఎం.ఎస్సీ. కట్టే ఫీజుకు ముందు ఇంట్లో ఒక ఒప్పందం కావాలంటాను. రోజుకు మూడు గంటలు, ఒక మూల, ఒక బల్ల. ఆ మూడు గంటల్లో చుట్టాలొచ్చినా, పాలవాడొచ్చినా ఆ పిల్లను లేపకూడదు. హాస్టల్లో ఉంటే సెలవులకు ఇంటికొచ్చినప్పుడు కూడా ఇదే నియమం. పెళ్లి చూపులు పరీక్షల నెలలో పెట్టకూడదు. పెళ్లి కుదిరితే ఈ ఒప్పందం అత్తగారింటికి కూడా చెప్పాలి. కట్నం గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లం, కోడలి మూడు గంటల గురించి ఐదు నిమిషాలు మాట్లాడలేమా?

డిగ్రీలో లెక్కలు చదివి, పెళ్లయి, పిల్లలు స్కూలుకు పోయే వయసుకొచ్చిన చెల్లెళ్లు ఇది చదువుతుంటే, ఇగ్నోలో దూరవిద్య ద్వారా గణితంలో ఎం.ఎస్సీ. ఉంది. కాలేజీకి రోజూ పోనక్కర్లేదు, నిదానంగా పూర్తి చేసుకోవచ్చు. కానీ దూరవిద్య అంటే ఖాళీ దొరికినప్పుడు చదువుకోవడం అనుకోకండి. మన ఇళ్లల్లో ఖాళీ దానంతటది దొరకదు. మీ గంటలు మీరే అడిగి తీసుకోవాలి, అడగడానికి మొహమాటపడకండి.