ఏసీ నీళ్లు ఎటు పోవాలి?

ఏసీ కొనడానికి షాపుకు పోతే మనం అడిగేవి మూడే. ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, ఈఎంఐ ఎంత. దాంట్లోంచి వచ్చే నీళ్లు ఎటు పోతాయని అడిగినవాళ్లను నేనైతే ఇంతవరకు చూడలేదు. షాపువాళ్లూ చెప్పరు. ఆ సంగతి ఫిట్టింగ్‌కు వచ్చిన అబ్బాయి గోడకు బెజ్జం కొట్టే ముందు ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు.

పోయిన ఏప్రిల్‌లో మా కుల్చారం ఇంట్లో అమ్మానాయినల గదికి ఒకటిన్నర టన్ను ఏసీ వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నా. ఫిట్టింగ్‌కు వచ్చినాయన గంటలో పని ముగించి, "నీళ్లు వాటంతటవే పోతయి పెద్దాయనా, ఫికర్ చెయ్యకుండ్రి" అని వెళ్లిపోయాడట. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది, చుక్క కారలేదు. వానలు పడ్డాక జూన్ చివర్లో ఒక రాత్రి నీళ్లు గోడ లోపలివైపు నుంచే దిగాయి. కింద ఇన్వర్టర్ స్విచ్‌బోర్డు. అమ్మ తడిగుడ్డతో గోడ తుడవబోతే చెయ్యి జిల్లుమంది. నాయిన పరుగెత్తి మెయిన్ దించేశాడు కాబట్టి సరిపోయింది.

రెండు నెలలు ఊరుకున్న నీళ్లు జూన్‌లోనే ఎందుకొచ్చాయి? ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చెమట పట్టినట్టే ఏసీ లోపలి చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో తేమ 20 శాతం ఉందనుకోండి, ఆ గాలిని సుమారు 13 డిగ్రీల దాకా చల్లబరిస్తే తప్ప నీటిబొట్టు పుట్టదు. అదే వానాకాలం 30 డిగ్రీలు, 75 శాతం తేమ అయితే 25 డిగ్రీల దగ్గరే పుడుతుంది. అంటే ఎండల్లో బొట్లు బొట్లుగా వచ్చేది వానల్లో ధారవుతుంది. ఒకటిన్నర టన్ను మిషన్ గంటకు లీటరు, గాలి బాగా తేమగా ఉంటే రెండు లీటర్ల దాకా కూడా తీస్తుంది. రాత్రంతా నడిస్తే బకెట్ నిండుతుంది. మనమేమో ఏసీలు బిగించేది ఏప్రిల్‌లో. పైపుకు అసలు పరీక్ష మొదలయ్యేసరికి బిగించినాయన ఫోన్ ఎత్తడు.

మెదక్ నుంచి వేరే మెకానిక్‌ను పిలిపించి, ఆ ఆదివారం నేనూ దగ్గరుండి చూశా. రెండు లోపాలు దొరికాయి. గోడ బెజ్జం బయటివైపుకు వాలి ఉండాల్సింది, లోపలివైపుకు వాలి ఉంది. బయట మడతల పైపు మధ్యలో జోలెలాగా కిందికి వేలాడి మళ్లీ పైకి లేచింది. ఆ జోలెలో నీళ్లు నిలిచాయి, నీళ్లలో దుమ్ము చేరింది, దుమ్ము జిగురైంది. చివరికి వెనక్కి తన్నిన నీళ్లు ట్రే నిండి గోడమీదికొచ్చాయి. గోడకు బిగించే మామూలు ఏసీల్లో నీళ్లను తోసే మోటారు ఉండదు. వాలు ఒక్కటే దిక్కు. మేస్త్రీలు దీన్నే వాటం అంటారు. మా దగ్గరి ఘనపూర్ ఆనకట్ట కట్టింది 1905లో. మంజీర నీళ్లు మహబూబ్ నహర్, ఫతేనహర్ కాలువల్లో పొలాలకు పోయేది ఆ వాటం మీదనే. ఆ కాలం వాళ్లు మైళ్ల కొద్దీ తప్పకుండా పట్టిన వాలు మనకు ఆరడుగుల పైపులో తప్పుతోంది.

షికాగో దగ్గరున్న మా చిన్నాన్న కొడుక్కి ఇది చెబితే నవ్వాడు. వాడికి చలికాలంలో ఇదే గొడవట, అదీ ఇల్లు వేడిచేసే గ్యాస్ ఫర్నేస్‌తో. మంటలో నీళ్లేంటని నాకూ అనిపించింది. కానీ ఒక కిలో మీథేన్ మండితే రెండుంపావు కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. పాత ఫర్నేస్‌లు దాన్ని పొగగొట్టంలోంచి వదిలేసేవి. 90 శాతానికి పైగా వేడి పిండుకునే ఇప్పటివి ఆ ఆవిరిని కూడా నీరుగా మార్చేస్తాయి. పైగా అది ఆమ్లం, పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది, ఇనుప పైపును తినేస్తుంది. అందుకని పీవీసీ పైపు వేస్తారు, చాలాచోట్ల సున్నపురాయి ముక్కలున్న డబ్బాలోంచి పంపి ఆ పులుపు విరిచాకే మురుగులోకి వదులుతారు. మావాడి ఇంట్లో పైపును బయటికి తీస్తే మంచుకు గడ్డకట్టింది, నీళ్లు వెనక్కి తన్ని ఫర్నేస్ ఆగిపోయింది. చలికి వణికారు, కానీ మిషన్ తనంతట తానే ఆగి లైటు మిణుకుమిణుకుమంటూ తప్పెక్కడో చెప్పింది. మా ఏసీ మాత్రం గోడ తడుపుతూ కూడా చల్లగాలి ఇస్తూనే ఉంది. ఎర్రర్ చెప్పకుండా నడిచే ప్రోగ్రామంటే మా ఆఫీసులో అందరికీ భయం. ఇంట్లో దాన్ని నెత్తిమీదే పెట్టుకుని పడుకుంటున్నాం.

అక్కడి నిబంధనల్లో ఇలాంటి పైపుకు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు వాలు తప్పనిసరి. మన లెక్కలో మీటరుకు సెంటీమీటరు. మా ఇంటికి రెండు సెంటీమీటర్లు పెట్టించా. మడతల పైపు తీసేసి గట్టి పీవీసీ వేసి, రెండడుగులకో క్లాంపు కొట్టించా. పైపు చివర నీళ్లలో మునగకూడదు, బకెట్ అడుగుకు ఆనకూడదు. చీమలు, బల్లులు దూరకుండా జాలీ ముక్క కట్టాలి. పక్కింటి వాకిట్లో పడకుండా మనవైపే తిప్పుకోవాలి, దీనిమీద ఎన్ని ఇళ్లకు మాటల్లేవో ఊళ్లో అందరికీ తెలుసు. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. దానికైన ఖర్చు గురించి నాయిన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

మీ ఇంట్లో బిగించేటప్పుడు డబ్బులిచ్చే ముందు ఒక పని చేయించండి. కరెంటు ఆపించి, ముందు మూత తీయించి, ఫిట్టింగ్ అబ్బాయి చేతనే లోపలి ట్రేలో ఒక లీటరు నీళ్లు మెల్లగా పోయించండి. మీరు బయట పైపు చివర నిలబడి చూడండి. లీటరుకు లీటరు రావాలి. రాకపోతే నిచ్చెన ఇంకా అక్కడే ఉంటుంది, అబ్బాయీ అక్కడే ఉంటాడు.

ఈ నీళ్లను ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా అని నాయిన అడిగాడు. డిస్టిల్డ్ వాటర్ లాగే కనిపిస్తాయి కానీ కాయిల్ మీది దుమ్ము, లోహం వాటిలో కలుస్తాయి. వద్దన్నా. తాగడానికీ పనికిరావు. ఇల్లు తుడవడానికి, చెట్లకు హాయిగా వాడుకోవచ్చు. అమ్మ ఇప్పుడు పైపు కింద కరివేపాకు మొక్క పెట్టింది.