జెఱ్ఱి భోజనము

తొలకరి వానలకు జెఱ్ఱులు ఇండ్లలోనికి వచ్చుట మా ముదిగుబ్బ ప్రాంతమువారి కందఱకు నెఱుకయే. కనబడినంతనే చీపురో చెప్పో చేతికి వచ్చును. పసిపిల్లలున్న యింట నది తప్పని మే మనము. కాని జెఱ్ఱి యేమి తిని బ్రదుకునో తెలిసికొన్నచో, చంపుటకంటె మేలైన యుపాయము తోచును.

మన పూర్వులు దీనిని శతపది యనిరి. సుశ్రుతసంహిత కల్పస్థానమున శతపదు లెనిమిది విధములని చెప్పి, అవి కఱచిన వాపు, నొప్పి, మంట కలుగునని వ్రాసినారు. పేరు శతపదియే గాని, ఎదిగిన జెఱ్ఱికి కాళ్ళ జతలు సామాన్యముగ బేసిసంఖ్యలోనే యుండును గనుక, సరిగా నూఱు కాళ్ళు కుదురవు. ఇండ్లలో దూరు పెద్దజెఱ్ఱికి 21 జతలు. మట్టిలోనే కాపురముండు సన్నజెఱ్ఱులకు 27 మొదలు 191 జతలవరకు గలవు. వీనికి కన్నులు లేవు.

జెఱ్ఱి ముఖ్యముగ వేటాడి తినునది. దాని మొదటి కాళ్ళజతయే విషపుకోఱలుగా మాఱినది. పెద్దజెఱ్ఱి బొద్దింకలను, కీచురాళ్ళను, సాలీళ్ళను, ఒక్కొక్కప్పుడు చిన్న బల్లులనుగూడ పట్టి నమలును. సన్నజెఱ్ఱి దవుడలు బలహీనములు. అది మట్టి సందులలో మీసములతో తడవుకొనుచు పోయి, వానపాములను, పురుగుల పిల్లలను పట్టి, జీర్ణరసముచే మెత్తబఱచి, ఆ ద్రవమును పీల్చుకొనును.

తల్లిజెఱ్ఱి తన గ్రుడ్లను చుట్టుకొని, ఆ దినములలో తిండి మాని కాచుచుండును. మిక్కిలి బెదరినచో నా గ్రుడ్లను తానే తినివేయుటయు గలదు.

చీకటిలో జరుగు నీ భోజనము మనకెట్లు తెలిసినది? జర్మనీ దేశపు అడవులలో శాస్త్రజ్ఞులు జెఱ్ఱుల కడుపులోని యాహారపు డి.ఎన్.ఏ.ను పరీక్షించి, అవి వానపాములను, ఈగజాతి పిల్లలను, ఆకుచెత్తలో గంతులిడు చిన్న పురుగులను తినుచున్నవని కనుగొనిరి.

మా యెఱ్ఱనేలలలో వేరుసెనగయే ముఖ్యమైన పైరు. దాని వేళ్ళను కొఱుకు వేరుపురుగు మట్టిలోనే పెరుగును. నేలలోని పురుగుపిల్లలను తినుటచే జెఱ్ఱి రైతునకు కొంత మేలు చేయునదే. అయినను దానిచేతనే వేరుపురుగు బాధ తీరునని నమ్మరాదు. నేలను గుల్లబఱచు వానపామునుగూడ నది విడువదు. దానికి మన పైరుతో పనిలేదు. తన కడుపుతోనే పని.

ఇక నది యింటికి వచ్చుటకు కారణము. జెఱ్ఱి చర్మముపై ఒంటి తడిని నిలుపు మైనపుపూత చాలదు. ఎండలో చిక్కినచో నెండి చచ్చును. కావున పగలు ఱాళ్ళక్రింద దాగి, రాత్రి వేటకు బయలుదేఱును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు నీ యనంతపురపు మెట్టలో, తడియు బొద్దింకలును మన స్నానపుగదిలోనే దొరకినచో, అది వేఱొకచోటి కేల పోవును?

కాబట్టి చేయవలసిన వివి. నీళ్ళకుండల యడుగు ఆరనిండు. తూమునకు సన్నని జల్లెడ బిగింపుడు. గోడ బీటలు పూడ్పింపుడు. కట్టెలు, ఱాళ్ళు గోడ కానించి పేర్పకుడు. ఎంగిలి గిన్నెలు రాత్రి నిలువ యుంచకుడు, బొద్దింకలు తగ్గును. పక్కబట్టలు దులిపిగాని బిడ్డలను పరుండబెట్టకుడు.

ఒకవేళ కఱచినచో, కోయుట, పీల్చుట చేయక, సబ్బునీట కడిగి చల్లని గుడ్డ వేయుడు. పసిబిడ్డ యైనను, ముఖము వాచినను, ఊపిరి కష్టమైనను వెంటనే వైద్యునియొద్దకు తీసికొని పోవలయును.

పొలములో ఱాతిక్రింద కనబడిన జెఱ్ఱిని దాని త్రోవను పోనిండు. ఇంటిలో మాత్రము దానికి కూడును తడియు దొరకనీయకుడు.