ప్లేఆఫ్‌ గడప దాటేదెన్నడు?

* రెండుసార్లు చేరువైనా చేజారిన అవకాశం
* భారత మహిళల టెన్నిస్‌కు భాగ్యనగరమే పట్టుగొమ్మ
* సొంతగడ్డపై టోర్నీలు పెరిగితేనే ఫలితం

కాచిగూడ: అంతర్జాతీయ మహిళల టీమ్‌ టెన్నిస్‌లో అగ్రశ్రేణి జట్ల సరసన నిలవాలంటే దాటవలసిన గడప ప్లేఆఫ్‌. భారత జట్టు ఇటీవలి కాలంలో రెండు పర్యాయాలు అక్కడి వరకు వెళ్లి వెనుదిరిగింది. 2021 ఏప్రిల్‌లో లాత్వియాలోని జుర్మలాలో 1-3తో ఓడింది. 2025 నవంబరులో బెంగళూరులో సొంత ప్రేక్షకుల నడుమ ఆడి కూడా స్లొవేనియా, నెదర్లాండ్స్‌ జట్లకు తలవంచింది. తొలిసారి సానియా మీర్జా, మలిసారి యమలపల్లి సహజ, భమిడిపాటి శ్రీవల్లి రష్మిక జట్టులో ఉన్నారు. ముగ్గురూ హైదరాబాద్‌ క్రీడాకారిణులే. అందువల్ల ఈ పరాజయాల కారణాలను వెదకడం నగరానికి సంబంధం లేని వ్యవహారమేమీ కాదు.

పోటీ తీరు ఇదీ...

1963లో ఫెడరేషన్‌ కప్‌గా మొదలై, తర్వాత ఫెడ్‌ కప్‌గా మారిన ఈ పోటీకి 2020 సెప్టెంబరులో అమెరికా దిగ్గజం బిల్లీ జీన్‌ కింగ్‌ పేరు పెట్టారు. ఆసియా-ఓషియానియా వంటి ప్రాంతీయ గ్రూపుల్లో రాణించిన జట్లు ప్లేఆఫ్‌కు చేరతాయి. పైస్థాయిలో ఓడిన జట్లు కూడా అక్కడికే దిగివస్తాయి. 2025లో ఇరవై ఒక్క జట్లను మూడేసి చొప్పున ఏడు గ్రూపులుగా విభజించారు. గ్రూపులో మొదటి స్థానం దక్కిన జట్టుకే మరుసటి ఏడాది క్వాలిఫయర్స్‌లో చోటు. మిగిలిన రెండూ మళ్లీ ప్రాంతీయ గ్రూపుకే. రెండో స్థానానికి ఊరట లేదు. ఏడాది పొడవునా పడిన శ్రమ రెండు పోరాటాల్లో తేలిపోతుంది.

ఫతే మైదాన్‌ నుంచి దుబాయ్‌ దాకా

అబిడ్స్‌, నాంపల్లిలకు కూతవేటు దూరంలోని ఫతే మైదాన్‌కు ఈ కథలో ముఖ్యమైన స్థానం ఉంది. 2015 ఏప్రిల్‌లో ఆసియా-ఓషియానియా గ్రూప్‌-2 పోటీలు ఇక్కడే జరిగాయి. అదే వారంలో డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్‌ అయిన సానియా నేరుగా సొంతగడ్డపై బరిలోకి దిగారు. చివరి పోరులో ఫిలిప్పీన్స్‌ను ఓడించి భారత్‌ గ్రూప్‌-1లోకి అడుగుపెట్టింది. అయిదేళ్ల తర్వాత, 2020 మార్చిలో దుబాయ్‌లో జరిగిన గ్రూప్‌-1 పోటీల్లో చైనా తర్వాత రెండో స్థానం సాధించి ప్లేఆఫ్‌కు అర్హత పొందింది. తల్లి అయ్యాక తిరిగివచ్చిన సానియా, అంకితా రైనాతో కలిసి డబుల్స్‌లో జట్టును గట్టెక్కించారు.

డబుల్స్‌ బలం.. సింగిల్స్‌ లోటు

దుబాయ్‌లో గెలిచిన జట్టు జుర్మలాలో ఎందుకు తడబడింది? సమాధానం పోటీ స్వరూపంలోనే ఉంది. ప్రాంతీయ పోటీల్లో ఒక్కో పోరుకు రెండు సింగిల్స్‌, ఒక డబుల్స్‌. ఒక సింగిల్స్‌ గెలిచి, డబుల్స్‌ దక్కించుకుంటే చాలు. జుర్మలాలో నాలుగు సింగిల్స్‌, చిట్టచివర ఒక డబుల్స్‌. సానియా వంటి డబుల్స్‌ దిట్ట ఉన్నా ఆమె వంతు వచ్చేలోపే ఫలితం తేలిపోయే ప్రమాదం ఉంటుంది. ఎదుట నిలిచినవారు 2017 ఫ్రెంచ్‌ ఓపెన్‌ విజేత ఒస్టాపెంకో, 2018 యూఎస్‌ ఓపెన్‌ సెమీఫైనలిస్టు సెవస్తోవా. అంకిత మూడు సెట్ల దాకా ఒస్టాపెంకోను నిలువరించినా విజయం అందలేదు.

2023 ఫిబ్రవరిలో సానియా రాకెట్‌ పక్కన పెట్టారు. ఆ తర్వాత సింగిల్స్‌ భారాన్ని భుజాన వేసుకున్నది శ్రీవల్లి, సహజ. 2025 ఏప్రిల్‌లో పుణెలో శ్రీవల్లి తాను ఆడిన అయిదు సింగిల్స్‌లోనూ నెగ్గి జట్టును మళ్లీ ప్లేఆఫ్‌కు చేర్చారు. బెంగళూరులో మూడు మ్యాచ్‌ల పద్ధతే అమలైనా ప్రత్యర్థుల అనుభవం ముందు మనవారు నిలవలేకపోయారు. ఆ సమయానికి మహిళల సింగిల్స్‌లో తొలి వంద ర్యాంకుల్లో ఒక్క భారతీయురాలూ లేరు. 2007లో సానియా 27వ ర్యాంకుకు ఎదిగిన సంగతి తలచుకుంటే అంతరం ఎంతటిదో బోధపడుతుంది.

చేయవలసిందేమిటి?

లోపం ప్రతిభలో కాదు, అవకాశాల్లో ఉంది. ర్యాంకు పెరగాలంటే పాయింట్లు కావాలి, పాయింట్లకు టోర్నీలు కావాలి. అవి స్వదేశంలో లేకుంటే విమాన ఛార్జీలు, బస, శిక్షకుడి ఖర్చు కుటుంబమే మోయాలి. మధ్యతరగతి తల్లిదండ్రులకు అది తలకు మించిన భారం. సహజ అమెరికాలో సామ్‌ హ్యూస్టన్‌ స్టేట్‌ విశ్వవిద్యాలయం తరఫున కళాశాల టెన్నిస్‌ ఆడి పైకి వచ్చారు. ఆ దారి అందరికీ దొరకదు.

2003 నుంచి 2005 వరకు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టోర్నీ జరిగింది. 2005 ఫిబ్రవరిలో సానియా ఇక్కడే విజేతగా నిలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్‌ టైటిల్‌ గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కారు. ఆ తర్వాత టోర్నీ బెంగళూరుకు తరలింది. 2022, 2025లలో చెన్నై డబ్ల్యూటీఏ పోటీలకు వేదికైంది. పక్క రాష్ట్రాలకు సాధ్యమైనది మనకు అసాధ్యం కారాదు. పెద్ద టోర్నీ ఒక్కసారిగా రాకపోవచ్చు. ఏటా కొన్ని చిన్నస్థాయి అంతర్జాతీయ మహిళల పోటీలు జరిపినా స్థానిక బాలికలకు ఇంటి దగ్గరే పాయింట్లు దక్కుతాయి. ప్రభుత్వం, టెన్నిస్‌ సంఘం, నగరంలోని పెద్ద సంస్థలు చేయి కలిపితే ఇది భారమేమీ కాదు.

ప్లేఆఫ్‌ ఫలితం రెండు రోజుల్లో తేలవచ్చు. దానికి కావలసిన జట్టు మాత్రం పదేళ్ల ముందు నుంచే తయారుకావాలి. ఇప్పుడు పన్నెండేళ్ల వయసులో రాకెట్‌ పట్టిన బాలికకు నగరం ఏమి అందిస్తుందన్న దానిపైనే మరో ప్లేఆఫ్‌ భవితవ్యం ఆధారపడి ఉంది.