ప్రశ్నకు పేరు కావలెనా?

ఊరూ పేరూ లేని ఉత్తరమునకు తెలుగువారు ఆకాశరామన్న ఉత్తరమని పేరు పెట్టినారు. ఆ మాటలో కొంత వెక్కిరింపు, కొంత భయము కలవు. కుదిరిన పెళ్ళి సంబంధములను చెడగొట్టుటకు, గిట్టని ఉద్యోగిపై పైవారికి చాడీలు చేరవేయుటకు ఎందరో ఈ రామన్న అవతారమెత్తినారు. నేడు ఫోను చేతికి వచ్చిన పిదప అతనికి తపాలా బిళ్ళ ఖర్చు కూడ తప్పినది. అందువలన పేరు చెప్పనివాడు పిరికివాడనియు, అతని మాటకు విలువ లేదనియు పెద్దలు తీర్పు చెప్పుచున్నారు. ఈ తీర్పులో సగమే న్యాయమున్నదని మా అభిప్రాయము.

శ్రీమతి మాలతీ చందూర్ 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను ప్రారంభించి, రెండు దశాబ్దములకు పైగా పాఠకుల ప్రశ్నలకు సమాధానములిచ్చినారు. ఇంటిలో పెదవి విప్పలేని సంగతులను సైతము స్త్రీలు ఆమెకు వ్రాసికొనగలిగినారు. వారపత్రికల సలహాల శీర్షికలలో పొడి అక్షరములతోనో, ‘ఒక సోదరి’ అనియో ప్రశ్నలు అచ్చగుట మనమందరము ఎరిగినదే. ఆ సోదరి ఎవరని పాఠకులు విచారింపరు. అదే బాధ గల మరి పదిమంది ఆ సమాధానమును చదివి ధైర్యము తెచ్చుకొందురు. ప్రశ్న ఒకరిదే గాని ప్రయోజనము పలువురిది.

మాది కొత్తవలస. విశాఖపట్నము, విజయనగరము, అరకు దిక్కుల రైలు మార్గములు కలియు జంక్షను. ఇంత రాకపోకలున్నను, ఏ వీధిలో ఎవరి బిడ్డ ఏమి చదువుచున్నదో ఊరిలో అందరికీ తెలియును. తరగతిలో లేచి ‘ఈ పాఠము అర్థము కాలేదండీ’ అనుటకే మాలో చాలమందికి గొంతు పెగలదు. ఇక ఫీజు కట్టలేని స్థితిని గూర్చి, రోజూ రైలులో వెంటబడువానిని గూర్చి, చదువు మానిపించి పెళ్ళి చేయుదురేమోనన్న దిగులును గూర్చి పేరు పెట్టి ఎవరు అడుగగలరు? సంగతి బయటపడినచో వెంటబడినవానిని ఎవరును మందలింపరు; ఆ అమ్మాయి కాలేజీకి వచ్చుటయే ఆగిపోవును. అట్టిచోట పేరు దాచుకొనుట పిరికితనము కాదు. చదువును కాపాడుకొను ఉపాయము.

ఉర్దూ సాహిత్యము చదువు మిత్రులకు ఈ విషయము కొత్త కాదు. గజల్ చివరి షేర్‌లో కవి చేర్చు తఖల్లుస్ దాగుటకు కాదు, అది అతని సంతకము. కాని మారుపేరు అవసరమైన కాలములును కలవు. ధన్‌పత్ రాయ్ అను విద్యాశాఖోద్యోగి 1908లో ‘నవాబ్ రాయ్’ పేరుతో వెలువరించిన ‘సోజ్-ఎ-వతన్’ కథల సంపుటి ఆంగ్ల ప్రభుత్వ ఆగ్రహమునకు గురియైనది. పిమ్మట ఆయన ధరించిన పేరే ప్రేమ్‌చంద్.

అయితే అడుగుట వేరు, ఆరోపించుట వేరు. ఆరోపణకు గురియైనవానికి కూడ గౌరవము, కుటుంబము ఉండును. పేరులేని ఫిర్యాదులపై చర్య తీసికొనరాదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో ఆదేశించుటకు కారణమిదియే. మరొక ప్రక్క సత్యేంద్ర దూబే అను ఇంజనీరు జాతీయ రహదారుల పనులలోని అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాయుచు, తన పేరు గోప్యముగా నుంచుడని కోరినారు. ఆ గోప్యత నిలువలేదు. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్యకు గురియైనారు. దేశమంతట అలజడి రేగిన పిదప, 2004లో ప్రభుత్వము అట్టి ఫిర్యాదులను స్వీకరించు బాధ్యతను అదే కమిషన్‌కు అప్పగించినది. ఫిర్యాదుదారు పేరు కమిషన్‌కు తెలియవలెను; లోకమునకు తెలియరాదు.

మన ఓటు పద్ధతియు ఇట్టిదే. పోలింగు కేంద్రములో మన పేరు సరిచూచి, వ్రేలికి సిరా పూసి, ఆ పిదప మనలను ఒంటరిగా విడిచిపెట్టుదురు. ఎవరికి వేసితిమో ఎవరును అడుగరాదు. ఆ గోప్యతను మనము పిరికితనమనుచున్నామా?

కావున మా మనవి ఇది. ప్రతి కాలేజీ గ్రంథాలయములో ఒక ప్రశ్నల పెట్టె నుంచవలెను. తనను గూర్చి అడుగువానిని పేరు అడుగరాదు. చేతివ్రాత పట్టుబడకుండ, ఉపాధ్యాయులొకరు ప్రశ్నలను తిరిగి వ్రాసి, సమాధానములతో బోర్డుపై అంటించవలెను. ఇతరులపై నేరము మోపువారు మాత్రము ఒక బాధ్యత గల పెద్దకు తమ పేరు తెలుపవలెను; ఆ పెద్ద ప్రాణము పోయినను దానిని బయట పెట్టరాదు. ఇక సమాధానము చెప్పువారు తప్పక సంతకము చేయవలెను. వారి మాటను నమ్మి ఒకరు తమ జీవితమును నడుపుకొందురు గదా!

ఆకాశరామన్నకు భయపడి, నిజముగా అడుగదలచిన బిడ్డ నోరు నొక్కవద్దని అధ్యాపకులను, తల్లిదండ్రులను వేడుకొనుచున్నాము.