లంబ సమద్విఖండన రేఖ: పదమూ, పద్ధతీ

తెలుగు బోధించేవారికి గణితంతో పనేమిటని పాఠకులు ప్రశ్నింపవచ్చు. ఈ పని మేము కోరి తెచ్చుకొన్నది కాదు. ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో గణితం తీసుకొన్న ఒక విద్యార్థిని ఒకనాడు మా వద్దకు వచ్చి, "ఈ మాటకు అర్థం చెప్పండి సార్, లెక్క నేనే చేసుకొంటాను" అన్నది. ఆ మాట 'లంబ సమద్విఖండన రేఖ'.

మేము పదాన్ని విడదీసి చెప్పినాము. లంబమనగా వ్రేలాడునది, గోడ నిలువు చూచుటకు మేస్త్రీ దారానికి కట్టి వదిలే గుండు వంటిది. సమద్విఖండనమనగా రెండు సమభాగాలు చేయుట. వెంటనే ఆమె "అమూదీ నాసిఫ్!" అన్నది. అరబ్బీలో అమూద్ అంటే స్తంభం, నిస్ఫ్ అంటే సగం. ఒక భాష పైనుండి వ్రేలాడే దారాన్ని చూచినది. మరొకటి నేలనుండి లేచిన స్తంభాన్ని చూచినది. రేఖ మాత్రం ఒక్కటే. ఆ పిల్ల మూడు వారాలుగా వెనుక బెంచీలో నోరు మెదపక కూర్చున్నది గణితం రాక కాదు, పేర్లు తెలియక. గ్రూపు మార్చమని దరఖాస్తు సైతం వ్రాసి సంచిలో ఉంచుకొన్నదట!

ఇక పద్ధతి మాట. తరగతులలో సాధారణంగా చెప్పేది ఇది: మధ్యబిందువు కనుగొను, వాలు కనుగొను, దానిని తలక్రిందులు చేసి గుర్తు మార్చు. (2, 3), (8, 7) బిందువులకు మధ్యబిందువు (5, 5); వాలు 2/3; లంబరేఖ వాలు -3/2; కావున సమీకరణం 3x + 2y = 25. తప్పేమీ లేదు. అయితే (2, 3), (12, 3) ఇచ్చి చూడండి. వాలు సున్న. సున్నను తలక్రిందులు చేయబోయి సగం తరగతి కలం క్రింద పెట్టును.

గణితోపన్యాసకులైన మా మిత్రులు కోపగించుకోరాదు గాని, ఆరంభం వేరుగా ఉండవలెనని మా అభిప్రాయం. ఆ రేఖ అంటే ఏమి? రెండు బిందువులకు సమాన దూరంలో నిలిచే బిందువులన్నిటి బాట. 'బిందుపథం' అన్న చక్కని మాట ఇందుకే పుట్టినది. (x, y) నుండి రెండింటికీ గల దూరాల వర్గాలను సమానం చేస్తే చాలు. మొదటి జతకు x, y వర్గాలు రెండువైపులా కొట్టుకొనిపోయి 12x + 8y = 100, అనగా అదే 3x + 2y = 25 మిగులును. రెండవ జతకు 20x = 140, అనగా x = 7. వాలు ఊసే లేదు, సున్న భయమూ లేదు.

ఈ రెండు రేఖలు కలిసే చోటు (7, 2). అక్కడినుండి మూడు బిందువులకూ దూరవర్గం 26. మూడు పల్లెలకు సమదూరంలో ఒక బావి త్రవ్వదలచితే గడ్డపార వేయవలసిన చోటు అదే. త్రిభుజానికి పరివృత్తం గీయు విధాన్ని యూక్లిడ్ తన నాల్గవ గ్రంథంలో చెప్పినాడు. 1637లో డెకార్ట్ గ్రంథం వెలువడిన పిమ్మట ఆ పని బీజగణితానికి లొంగినది. మా విద్యార్థిని ఈ లెక్కను దరఖాస్తు కాగితం వెనుకనే చేసి చూపినది.

ప్రవేశ పరీక్షలకు సూత్రమే త్వరగా పనిచేయునని కొందరందురు. నిజమే, నిమిషం లెక్క అక్కడ ముఖ్యం. కాని అర్థమెరిగినవాడు సూత్రం మరచినా రెండు పంక్తులలో మరల రాబట్టుకొనును; కంఠస్థం చేసినవాడు మరచినచోటనే ఆగిపోవును.

1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నతశాస్త్రాలను ఉర్దూలో బోధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పుస్తకాలను తెలుగులో తెచ్చినది. ఇంతటి పదసంపద రెండు ప్రక్కలా ఉండగా, ఈ గోడనుండి ఆ గోడకు దాటలేక మన పిల్లలు గణితం విడిచిపోవుట మాకు బాధాకరం. కళాశాల కమిటీవారికి మా విన్నపం స్వల్పమే. గ్రంథాలయంలో ఒక పెద్ద రిజిస్టరు ఉంచి, ఎడమప్రక్క తెలుగు మాట, కుడిప్రక్క ఉర్దూ మాట వ్రాయనిండు. ఉర్దూ శాఖవారు కుడిప్రక్క చూతురు, ఎడమప్రక్క మేము చూచుకొందుము. మొదటి పుటలో మొదటి మాట వ్రాయుటకు ఆ విద్యార్థిని ఇప్పటికే ఒప్పుకొన్నది.