బీట్‌లో ఒంటరిగా

2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడు దగ్గర చండ్రుగొండ రేంజ్ అధికారి శ్రీనివాసరావు గొత్తికోయల దాడిలో చనిపోయారు. కేసులో ఇద్దరికి మరుసటి ఏడాది జీవిత ఖైదు పడింది. తుపాకులు ఇస్తే తప్ప అడవిలోకి వెళ్లలేమని అటవీ సిబ్బంది అప్పట్లో గట్టిగా అడిగారు. ఆ కోరికను తేలిగ్గా తీసుకోలేం. కేసు పెట్టిన ఊరి మీదుగానే బీట్ ఆఫీసర్ రోజూ తిరగాలి. రాత్రి కలప బండి కదిలిందంటే వెళ్లక తప్పదు. పిల్లల చదువు కోసం కుటుంబాన్ని ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఉంచితే చెప్పుకునే మనిషి కూడా పక్కన ఉండడు. ఆయుధం ఉంటే కొంత ధైర్యం రావచ్చు.

అయితే మావోయిస్టులు తిరిగిన అడవిలో తుపాకీ మరో భయాన్ని తెచ్చిపెట్టవచ్చు. అగ్గి అంటుకుంటే కబురు చెప్పాల్సిన గూడెమే తుపాకీని చూసి నోరు మూసుకోవచ్చు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది వేరు. నెలల తరబడి నిద్రపట్టని మనిషి చేతికి తుపాకీ ఇవ్వడం అతనికే ప్రమాదం కావచ్చు.

అవతలి పక్షానిదీ భయమే. సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల్లో చాలామందికి, అటవీ హక్కుల చట్టం సాగు హక్కుకు పెట్టిన 2005 డిసెంబర్ 13 గడువు అడ్డొస్తుంది. 2023లో పోడు పట్టాలు ఇవ్వడం మేలే అయినా, అందనివాళ్ల గుబులు తీరలేదు. అలాగని వాళ్ల కష్టం హత్యను సమర్థించదు. ఆ గడువును బీట్ ఆఫీసర్ నిర్ణయించలేదు, కానీ ఆ కోపానికి ఎదురు నిలబడేది అతనే. అతని మనసు మీది బరువులో పెద్ద భాగం ఇదేనని నా అభిప్రాయం.

కౌన్సెలింగ్ అవసరమే. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కానీ సిగ్నల్ అందని బీట్లున్నాయి, పై అధికారికి తెలుస్తుందన్న జంకూ ఉంటుంది. పైగా మర్నాడు మళ్లీ అదే బీట్‌కు ఒంటరిగా పంపితే ఆ మాటల మేలు ఎంతసేపు నిలుస్తుంది?

అందుకే మనిషికో తుపాకీ కన్నా, తప్పనిసరి పనులకు పోలీసు తోడు, జంటగా గస్తీ, కఠినమైన బీట్ల నుంచి గడువు ప్రకారం బదిలీ మేలనిపిస్తుంది. హద్దు గొడవలున్నచోట రెవెన్యూ, అటవీ శాఖల ఉమ్మడి సర్వే ముగిశాకే మొక్కలు నాటాలి. దీనివల్ల ప్లాంటేషన్ ఆలస్యం కావచ్చు, ఈలోగా కొంత అడవి పోడు కిందికి పోనూవచ్చు. ఆ నష్టం చిన్నదేమీ కాదు. అయినా హద్దు తేలని భూమిలోకి ఒక్క మనిషిని పంపడం మాత్రం వచ్చే నాట్ల కాలానికల్లా ఆపాలని అటవీ శాఖను కోరుతున్నాను.