కులం ఊసెత్తని ప్రేమ ఎవరికి కామెడీ?



మొన్నొక రాత్రి గూడూరులో నిమ్మకాయల మార్కెట్ పని ముగించుకొచ్చిన మన వాడ పిల్లకాయలు ఒక పాత సినిమా పెట్టుకున్నారు. 1998లో వచ్చిన ‘హైదరాబాద్ బ్లూస్’. నగేశ్ కుకునూర్ తీసి, తానే హీరోగా వేసిన సినిమా. ‘స్టార్లు లేరన్నా, ఫైటింగులు లేవు, అంతా ప్రేమా నవ్వులే, రా’ అంటే నేనూ కూర్చున్నా. సగానికి రాకముందే ఒక పిల్లోడు అడిగినాడు: ‘ఏందన్నా, ఇంతకీ వీళ్లకి అడ్డమేంది?’

ఆ మాటకు జవాబు వెతకడానికే ఇది రాస్తున్నా.

కథ చిన్నది. వరుణ్ నాయుడు అమెరికాలో పన్నెండేళ్లు ఉండి హైదరాబాద్ వస్తాడు. ఇంట్లో పెళ్లి పోరు. పెళ్లిచూపులంటే అతనికి ఎగతాళి. అశ్వినీ రావు అనే డాక్టరమ్మాయిని ఇష్టపడతాడు. అమెరికా యాస, బూతులు, ‘మేం మీలాంటి పాతకాలపోళ్లం కాదు’ అన్న ఫోజు. ఎక్కువభాగం ఇంగ్లీషు, మధ్యలో హిందీ, తెలుగు. కొత్తగా కనబడాలన్న తాపత్రయం ప్రతి సీనులోనూ ఉంది. కొత్తమాట మాత్రం లేదు.

ఎందుకు లేదు? పెళ్లిచూపుల్ని ఈ సినిమా పాత అలవాటుగా చూసింది. పంచె కట్టు, పిలక జుట్టు లాగా, అమెరికా పోయొస్తే వదిలిపోయే అలవాటుగా! అయ్యా, పెళ్లిచూపులు అలవాటు కాదు, కాపలా. ఏ పిల్ల ఏ ఇంటికి పోవాలో, ఏ ఎకరం ఏ కులం చేతిలో ఉండాలో చూసుకునే కాపలా. అంబేద్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నప్పుడే, కులానికి ప్రాణం కులంలోపలి పెళ్లిలో ఉందని తేల్చి చెప్పినాడు. 1936లో ‘కుల నిర్మూలన’లో కులాంతర వివాహమే అసలు మందు అన్నాడు. ఆయనా అమెరికాలో చదివి వచ్చినోడే! వరుణ్ బాబు అమెరికా నుంచి తెచ్చింది యాస. బాబాసాహెబ్ తెచ్చింది ప్రశ్న.

నాయుడు అబ్బాయి, రావు అమ్మాయి. ఈ ‘రావు’ ఏ కులం? సినిమాకి అది ప్రశ్నే కాదు. అడగకుండా బతకడం అడగక్కర్లేని వాళ్ల సుఖం. మన పిల్లోడు ఇల్లు అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న అదే కదా!

‘నవ్వుకునే సినిమాకి ఇంత కోపమా’ అంటారు. న్యాయంగానే మాట్లాడదాం. కుకునూర్ సొంత కష్టార్జితంతో, 17 లక్షల రూపాయలతో ఈ సినిమా తీశాడు. స్టార్లకీ, స్టూడియోలకీ దణ్ణం పెట్టలేదు. అది మెచ్చుకోవాల్సిందే. నా కోపమంతా అక్కడే. కోట్లు పెట్టే నిర్మాతకి బయ్యర్ల భయం ఉంటుంది. చేతిలో సొంత డబ్బు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని స్వేచ్ఛ. అయినా కులం జోలికి పోలేదంటే, అడ్డం వచ్చింది డబ్బు కాదు. చూపు.

దీనికి అరవై ఏళ్ల ముందే, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. బ్రాహ్మణ అబ్బాయి, మాల అమ్మాయి ప్రేమ. అందులో సంస్కర్తల దయాదాక్షిణ్యాలు ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ అడ్డమేందో పేరుపెట్టి చెప్పింది. ముందుకు నడవాల్సిన సినిమా అరవై ఏళ్లకు ఆ పేరే మర్చిపోయింది!

సినిమా మర్చిపోతుంది, ఊరు మర్చిపోదు. 1991 చుండూరు గొడవ సినిమా హాల్లో దళిత యువకుడి కాలు పైకులపోడికి తగిలిందన్న కాడ రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికారు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆస్పత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్లముందే ప్రణయ్‌ని నరికించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అడ్డమేందని అడిగిన తమ్ముడూ, అడ్డం ఇదిరా.

ఇంకో మాట. ఇది మనకే. మాల ఇంటి పిల్ల మాదిగ ఇంటి కోడలవుతానంటే మనలో ఎంతమంది చిరునవ్వుతో ఒప్పుకుంటారు? పక్కోడి సినిమాని తిట్టేముందు మన గుమ్మం కూడా చూసుకుందాం.

చేయాల్సింది ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేట్టు అంటిస్తారు. ఆ 30 రోజులే గండం. ఇట్లాంటి జంటలకి రక్షణ కల్పించాలని 2018లో సుప్రీంకోర్టు ప్రభుత్వాలకి, పోలీసులకి ఆదేశాలిచ్చింది. ఆ సంగతి ప్రతి వాడలో చెప్పండి. జంట వస్తే తలుపు తీయండి, తోడు నిలబడండి.

పిల్లకాయలారా! 1998లో సినిమాకి 17 లక్షలు కావాల్సొచ్చింది. ఇప్పుడు మీ చేతిలో ఫోనుంది. మన ప్రేమల్లో నవ్వులు లేవా? ఉన్నాయి. భయం కూడా ఉంది. రెండూ తీయండి. గూడూరు యాసలోనే తీయండి.

జై భీమ్!